ఒకే కెటిల్‌లో మాష్, వార్పు: ఇంటి బీరు తయారీలో పాత్రల ప్రశ్న

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల నుంచి, అంటే మాల్టు నుంచి, బీరుకు కావలసిన తీపి రసాన్ని రాబట్టడంలో రెండు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. మరలో పగలగొట్టిన మాల్టును వేడినీటిలో కలిపి, గింజలోని పిండిపదార్థం చక్కెరలుగా మారేదాకా నిర్ణీతమైన వేడిలో నిలిపి ఉంచడం మొదటి పని; దీనిని మాష్ అంటారు. అలా సిద్ధమైన జావలో నుంచి పొట్టు, పిప్పి రాకుండా తీపి రసాన్ని వేరుచేయడం రెండవ పని. దీనికి లాటరింగ్ అని పేరు, తెలుగులో వార్పు అనవచ్చు. అలా వచ్చిన రసం వర్ట్. దానిని హాప్ పూలతో కలిపి గంటసేపు మరిగించే పెద్ద స్టీలు పాత్రను కెటిల్ అంటారు. ఇరవై, పాతిక లీటర్ల చొప్పున ఇంట్లో బీరు కాచుకునేవారి మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న ఏమిటంటే, మాష్‌కొక పాత్ర, వార్పుకొక పాత్ర, మరిగించడానికొక పాత్ర నిజంగా అవసరమా, లేక ఆ మూడవ పాత్రే ముందరి రెండు పనులనూ చేసిపెట్టగలదా అన్నది. ఈ పరిమాణం వరకు చేసిపెట్టగలదనీ, ఫలితాన్ని నిర్ణయించేవి పాత్రల సంఖ్యకన్నా గింజను ఎంత మెత్తగా మర ఆడించారు, పిప్పిలో ఎంత రసం మిగిలిపోయింది అన్న రెండు అంశాలేననీ ఈ వ్యాసం వాదన.

ఈ చర్చ ప్రధానంగా బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలలో పెరిగింది. బ్రిటన్‌లో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడానికి లైసెన్సు తీసుకోవాలన్న నిబంధన 1963లో తొలగింది. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్ల దాకా, పన్ను లేకుండా కాచుకునే వీలు కల్పించింది. అయినా రాష్ట్రాల స్థాయిలో అలబామా, మిసిసిపీలు 2013 దాకా అనుమతించలేదు. భారతదేశంలో మద్యం రాష్ట్రాల ఏలుబడిలోని అంశం కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండింటిలోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజు చట్టాల కింద నేరం. కనుక తెలుగువారిలో ఈ విద్య చట్టం అనుమతించే దేశాలలో స్థిరపడినవారికి, హైదరాబాదు వంటి చోట్ల లైసెన్సు పొందిన మైక్రోబ్రూవరీలలో పనిచేసేవారికి మాత్రమే ఆచరణలోకి వస్తుంది.

పాత్రల సంగతి తేల్చాలంటే ముందుగా గింజలో జరిగేది తెలియాలి. బార్లీ పిండి 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారుతుంది. ఆ స్థితిలోనే ఎంజైములు, అంటే మొలకెత్తేటప్పుడు గింజ తనకోసం వాడుకునే మాంసకృత్తులు, దానిని తేలికగా కోయగలుగుతాయి. వీటిలో ముఖ్యమైనవి రెండు. బీటా ఎమైలేజ్ 60, 65 డిగ్రీల మధ్య చురుకుగా పనిచేసి, పిండి గొలుసును చివరినుంచి రెండేసి లంకెల చొప్పున తెంపి, ఈస్ట్ సులువుగా పులియబెట్టగల మాల్టోస్ అనే చక్కెరను ఇస్తుంది. 70 దాటితే నిమిషాల్లో నశిస్తుంది. ఆల్ఫా ఎమైలేజ్ 70 డిగ్రీల దగ్గర చురుకు, గొలుసును ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది, దాని పనివల్ల ఈస్ట్ ముట్టుకోని పొడవు ముక్కలు కూడా మిగులుతాయి. రెండూ ఒకదానికొకటి తోడ్పడే 66, 67 డిగ్రీల దగ్గర గంటసేపు నిలపడం ఇంటి తయారీలో వాడుకైన పద్ధతి. రెండు డిగ్రీల తేడాతో బీరు పలచగానో చిక్కగానో మారుతుంది గనుక, గంటసేపు వేడిని నిలపగలగడమే మాష్ పాత్రకు మొదటి పరీక్ష.

వార్పు సంగతి వేరు. బార్లీ గింజను గట్టిగా అంటుకుని ఉండే పొట్టు, మరలో చిట్లినా పొడి కాకుండా నిలిస్తే, పాత్ర అడుగున పేరుకుని తానే వడపోత గుడ్డగా పనిచేస్తుంది. దాని కింద ఉండే చిల్లుల పళ్లెం ఆ పొట్టు పొరను మోయడానికే తప్ప, వడకట్టడానికి కాదు. మొదట కారే మురికి రసాన్ని జగ్గుతో పట్టి మళ్లీ పైన పోస్తూ ఉంటే, కొంతసేపటికి పొర సర్దుకుని తేట దిగుతుంది. రేణువుల పొర గుండా ద్రవం ప్రవహించే తీరుకు ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ డార్సీ 1856లో చెప్పిన సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది: పొర ఎంత లోతైతే, ద్రవం ఎంత చిక్కనైతే ప్రవాహం అంత మందగిస్తుంది, పొరలోని సందులు ఎంత విశాలమైతే అంత వేగం పుంజుకుంటుంది. మాష్ ముగిశాక వేడిని 76 డిగ్రీలకు పెంచే అలవాటుకు ఒక కారణం ఇదే, వేడెక్కిన వర్ట్ పలచబడి సులువుగా జారుతుంది. మర మరీ దగ్గరగా బిగించి పొట్టును పిండి చేసినా, కుళాయిని ఒక్కసారిగా పూర్తిగా తిప్పినా పొర అణగి బిగిసిపోయి, చుక్క కూడా దిగని దశ వస్తుంది.

ఈ రెండు పనులకు రెండు పాత్రలుండాలన్న నియమం ప్రకృతిసిద్ధమైనది కాదు, దేశాచారాల నుంచి వచ్చింది. ఇంగ్లండులో శతాబ్దాలుగా మాల్టును ఒకే వేడిలో నానబెట్టి, అదే తొట్టి అడుగునున్న జల్లెడ గుండా వార్చేవారు. పిప్పిపై మళ్లీ మళ్లీ కొత్త నీరు పోసి నానబెట్టి, తొలి వార్పును గాటు బీరుకు, మలి వార్పులను పలచటి బీరుకు వాడేవారు. పిప్పిపై వేడినీటిని సన్నగా చల్లుతూ మిగిలిన తీపిని కడిగే పద్ధతి, అంటే స్పార్జింగ్, స్కాట్లాండులో మొదలై 19వ శతాబ్దంలో ఇంగ్లండుకు వ్యాపించింది. బవేరియా, బొహీమియాలలో మాష్‌లో కొంత భాగాన్ని తీసి విడిగా మరిగించి, తిరిగి కలిపి వేడి పెంచే డికాక్షన్ పద్ధతి ఉండడంతో, నిప్పుమీద ఉండే పాత్ర ఒకటి, వార్చే తొట్టి వేరొకటి కావలసి వచ్చింది. ఫిన్లాండు పల్లెల్లో సాహ్తి అనే బీరును వార్చడానికి వాడే కూర్నా, చెట్టు మానును దోనెలా తొలిచి చేసిన తొట్టి. దాని అడుగున జునిపర్ కొమ్మలు, గడ్డి పరుస్తారు. అదనంగా కాస్త మాల్టు కూడా ఖర్చు కాకుండా చూసుకోవడమే లాభనష్టాలను తేల్చే పెద్ద బ్రూవరీలకు లోతైన పొరలు, విడి తొట్లు న్యాయమే. పాతిక లీటర్లు కాచుకునేవారు వాటి నమూనాను అలాగే చిన్నది చేసి తెచ్చుకోవడంలోనే చిక్కు మొదలైంది.

ఆ నకలు పని ఎలా సాగిందో అమెరికా ఇంటి బ్రూవర్ల పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. 1984లో వెలువడి ఆ దేశంలో ఈ కళను ఇంటింటికీ చేర్చిన తన పుస్తకంలో చార్లీ పాపాజియన్, వందల చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ బకెట్‌ను మరో బకెట్‌లో దింపి వార్పు తొట్టిగా వాడుకునే ఉపాయాన్ని వివరించాడు. తరువాత పానీయాలు చల్లగా ఉంచే దళసరి కూలర్లు మాష్ పాత్రలుగా ప్రచారంలోకి వచ్చాయి. అవి వేడిని చక్కగా నిలుపుతాయి, కానీ కింద మంట పెట్టలేరు. 2000లో ఇంటర్నెట్‌లో మొదట వెలువడి, పిదప అచ్చయిన జాన్ పామర్ గ్రంథం, వార్పు తొట్టి అడుగున గొట్టాలను ఎలా అమర్చితే నీరు పొరంతటినీ సమానంగా కడుగుతుందో ప్రవాహ సూత్రాలతో పరిశీలించింది. ఇంటి తయారీపై వచ్చిన రచనల్లో ఇంత శ్రద్ధగా సాగిన పరిశీలనలు అరుదు. అయితే ఆ శ్రమ అంతా నిరంతరంగా నీళ్లు చల్లే పద్ధతిని చిన్న పాత్రలో సక్రమం చేయడానికి పడినది. ఆ పద్ధతే అక్కరలేదనుకుంటే ఆ సమస్యే ఉండదు.

కెటిల్‌నే మాష్ పాత్రగా మార్చే మార్గాలు రెండు. అడుగున జల్లెడ పళ్లెం బిగించి, దాని కింద కుళాయి పెట్టడం మొదటిది. దీని ఆకర్షణ ఏమిటంటే, కింద పొయ్యి ఉంది గనుక వేడి తగ్గితే పెంచుకోవచ్చు, 52 దగ్గర, 63 దగ్గర, 72 దగ్గర మెట్లు మెట్లుగా నిలపవచ్చు. చిక్కు కూడా ఆ పొయ్యిలోనే ఉంది. పళ్లెం కింద రెండు మూడు లీటర్ల రసం నిలిచి ఉంటుంది. మంట పెట్టగానే ఆ కొద్ది రసం 80, 90 డిగ్రీలకు చేరి, అందులో కరిగి ఉన్న ఎంజైములు చచ్చిపోతాయి, పైనున్న మాష్ మాత్రం ఇంకా 62 దగ్గరే ఉంటుంది. జల్లెడ రంధ్రాల గుండా జారిన పిండి అడుగుకు అంటుకుని మాడుతుంది, ఆ మాడు వాసన బీరులో చివరిదాకా పోదు. అందుకే మంట పెట్టినంతసేపూ కుళాయి నుంచి రసాన్ని చిన్న పంపుతో పైకి తోడి తిరిగి పోస్తూ ఉండాలి. పంపు ఎక్కువగా లాగితే పొర బిగిసిపోతుంది గనుక దాని దూకుడును కుళాయితో తగ్గించుకోవాలి. మంట, పంపు, థర్మామీటరు మూడింటినీ కనిపెట్టుకుని ఉండే ఓపిక ఉన్నవారికి ఇది మంచి పరికరమే. లేనివారికి, స్టీలు గోడల నుంచి జారిపోయే వేడిని దుప్పటి చుట్టి ఆపడమే మేలు. పాత్ర నిండుగా ఉంటే దుప్పటి చుట్టిన కెటిల్‌లో గంటలో ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గదు.

పైగా కెటిల్ వెడల్పు పాత్ర. 38 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న 40 లీటర్ల కెటిల్‌లో 5 కిలోల మాల్టు సర్దుకుంటే, పొర లోతు పది సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. పెద్ద బ్రూవరీల వార్పు తొట్లలో అది 30 నుంచి 50 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పలచటి పొరపై నీళ్లు చల్లితే అవి తేలిక దారి చూసుకుని ఒక మూల నుంచి జారిపోతాయి, మిగతా పిప్పి తీపి తీపిగానే ఉండిపోతుంది. కాబట్టి కెటిల్‌లో వార్చదలచినవారు చల్లే పద్ధతిని వదిలి, రసమంతా దించి, మళ్లీ నీళ్లు పోసి బాగా కలియబెట్టి మరోసారి దించడం మంచిది; లేదా మొత్తం నీటిని మొదటే పోసేయడం మరీ సులువు.

రెండవ మార్గం ఈ ఆఖరి ఆలోచననే పట్టుకుంది. కెటిల్ లోపలి కొలతకు సన్నని పాలియెస్టర్ వలగుడ్డతో సంచీ కుట్టి, కావలసిన నీరంతా ఒకేసారి కాచి, సంచీలో మాల్టు పోసి కలిపి, గంట తరువాత సంచీని పైకెత్తి ఓడ్చి పిండి, అదే కెటిల్‌ను మరిగించడం దీని సారాంశం. బ్రిటన్‌లో 1970లలో గుడ్డ సంచులను ప్లాస్టిక్ బాయిలర్లలో వాడిన దాఖలాలున్నా, స్పార్జింగ్ పూర్తిగా మానేసి ఒకే పాత్రతో ముగించే నేటి రూపం 2000ల మధ్యలో ఆస్ట్రేలియా ఇంటి బ్రూవర్ల చేతుల్లో కుదురుకుంది. సంచీ స్థానంలో చిల్లుల స్టీలు బుట్ట, కరెంటుతో వేడెక్కే అడుగు, లోపలి పంపు అమర్చి తరువాత మార్కెట్లోకి వచ్చిన యంత్రాలన్నీ ఈ రెండు మార్గాల కలయికలే.

ఈ పద్ధతిపై వచ్చిన మొదటి అభ్యంతరం, పిప్పిని కడగరు గనుక తీపి చాలా నష్టమవుతుందన్నది. లెక్క వేసి చూడాలి. 23 లీటర్ల బీరు కావాలంటే, మరిగేటప్పుడు ఆవిరయ్యే 4 లీటర్లు, అడుగున మడ్డితో మిగిలే 2 లీటర్లు కలిపి, మరిగించే ముందు 29 లీటర్ల వర్ట్ ఉండాలి. కూలర్‌లో పిప్పి కిలోకు సుమారు ఒక లీటరు రసం పట్టి ఉంచుకుంటుంది. సంచీని పిండితే అది 0.6 లీటరుకు దిగుతుంది. 5 కిలోల మాల్టుతో సంచీ పద్ధతిలో 32 లీటర్ల నీరు పోస్తే 3 లీటర్లు పిప్పిలో ఉండిపోతాయి, అంటే తీపిలో దాదాపు 9 శాతం పోతుంది. కూలర్‌లో 34 లీటర్లను రెండు సమభాగాలుగా వార్చితే, తొలి వార్పు తరువాత 19.5 లీటర్లలో 5 మిగులుతాయి, రెండవ వార్పు తరువాత ఆ మిగులులోనూ అదే నిష్పత్తి మిగులుతుంది, అంటే సుమారు 7 శాతం నష్టం. తేడా 2, 3 శాతం. మాల్టు లెక్కలో 150 గ్రాములకు మించదు. కడిగే శ్రమ, అదనపు పాత్ర, మరో గంట కాలం ఇన్నింటితో దక్కేది గుప్పెడు మాల్టే అయితే, ఇంటి తయారీకి అది వృథా ప్రయాస అనక తప్పదు.

నిజానికి సంచీవారికి దొరికే పెద్ద లాభం మరో చోట ఉంది. గుడ్డ వడపోతగా ఉన్నప్పుడు పొట్టు పొర మీద ఆధారపడనక్కరలేదు గనుక, మరను 0.7 మిల్లీమీటర్లకో ఇంకా దగ్గరకో బిగించి గింజను సన్న రవ్వగా ఆడించుకోవచ్చు; పొరతో వార్చేవారు ఒక మిల్లీమీటరుకు అటూఇటూగా ఆగిపోవాలి. పెద్ద పలుకు మధ్యలోకి నీరు చేరడానికి పట్టే సమయం, రవ్వకు పట్టే సమయం ఒకటి కావు. పిండి చక్కెరగా మారకుండా పలుకులోనే ఉండిపోతే దానిని ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం లేదు. పెద్ద బ్రూవరీలలో కొన్ని వాడే మాష్ ఫిల్టర్ యంత్రం కూడా ఇదే దారి పట్టింది: మాల్టును పిండిలా కొట్టి, పలచటి పొరలుగా గుడ్డల మధ్య నింపి, ఒత్తి పిండుతుంది. సంచీని మొరటు ఉపాయంగా చూసేవారు ఈ సామ్యాన్ని గమనించడం లేదు.

పిండితే పొట్టులోని వగరు, అంటే టానిన్లు, రసంలోకి దిగుతుందన్నది రెండవ అభ్యంతరం. టానిన్లు దిగడానికి కారణాలు ఎక్కువ వేడి, క్షారగుణం కలిసిరావడమే. రసపు పీహెచ్ 6 లోపు ఉండి, నీళ్లు 77 డిగ్రీలు దాటకపోతే పిండడం వల్ల ప్రమాదం లేదు. ఈ కొలతల ప్రకారం ఎక్కువ జాగ్రత్త పడవలసింది కడిగేవారే, ఎందుకంటే కడుగుతున్నకొద్దీ రసం పలచబడి పీహెచ్ పెరుగుతుంది. అయితే సంచీ పద్ధతికి తన సొంత పీహెచ్ చిక్కు ఉంది: కిలోకు 3 లీటర్లు పోసేచోట 6 లీటర్లు పోస్తారు గనుక, నీటిలోని క్షారగుణం మాల్టు ఆమ్లతను సులువుగా మించిపోతుంది. మాష్ పీహెచ్ 5.2, 5.6 మధ్య ఉండాలి. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న బోరు నీటితో లేత రంగు బీరు కాచేవారు కొద్దిగా లాక్టిక్ ఆమ్లం కలపకపోతే మార్పిడి మందగించి, రుచి మొద్దుబారుతుంది. పలచటి మాష్‌లో ఎంజైములు కొంత త్వరగా అలసిపోతాయన్న మాట కూడా నిజమే, కానీ గంట నిలిపే మాష్‌లో అది పెద్ద అడ్డంకి కాదు.

మురికిగా ఉండే వర్ట్ గురించిన భయం పలుచనైనది. సంచీ నుంచి వచ్చే రసం పొర గుండా వచ్చిన దానికన్నా మసకగా ఉంటుంది. అందులోని కొవ్వు పదార్థాలు ఈస్ట్‌కు కొంత ఉపకరిస్తాయి, మరిగించి చల్లార్చాక మడ్డి చాలావరకు అడుగుకు చేరుతుంది. వేడినీటి లెక్క ఒక్కటి గుర్తుంచుకోవాలి: గింజలు కలపగానే వేడి పడిపోతుంది గనుక, ఎసరును లక్ష్యం కన్నా ఎక్కువ కాచాలి. 20 డిగ్రీలున్న 5 కిలోల మాల్టును 32 లీటర్లలో కలిపి 66 డిగ్రీలు రావాలంటే ఎసరు 69 ఉంటే సరిపోతుంది, కిలోకు 2.6 లీటర్ల చిక్కటి మాష్‌కైతే 73 దాకా కాచాలి.

ఒకే కెటిల్ మోయలేని బరువులు కూడా ఉన్నాయి. గాటు బీరుకు 9 కిలోల మాల్టు వేస్తే, నీరు 34 లీటర్లకు పైబడి, గింజ ఆక్రమించే 6 లీటర్లతో కలిసి 40 లీటర్ల కెటిల్ పొంగిపోతుంది. తీపిలో నష్టం 16 శాతానికి చేరువవుతుంది. అప్పుడు నీటిలో సగం విడిగా ఉంచి, ఎత్తిన సంచీని ఆ నీటిలో ముంచి కలియబెట్టి మళ్లీ పిండితే నష్టం 7 శాతానికి దిగుతుంది, కానీ దానికి రెండవ పాత్ర తప్పదు. రసం కారుతున్న ఆ సంచీ ఎత్తేటప్పుడు 20 కిలోలకు తక్కువ ఉండదు, అది 76 డిగ్రీల వేడిలో ఉంటుంది. పైకప్పుకు కప్పీ లేకుండా చేతులతో ఎత్తడం ప్రమాదకరం. 50, 60 లీటర్లు కాచదలచినవారికి విడి తొట్టే భద్రమైనది.

బార్లీ కాని ధాన్యాలలో ఈ ప్రశ్న కొత్త మలుపు తిరుగుతుంది. గోధుమ, రై గింజలకు నూర్పిడిలోనే పొట్టు ఊడిపోతుంది, రై జిగురు వార్పును అడ్డగిస్తుంది. పొర పద్ధతివారు అందులో వరి ఊక కలుపుకోవాలి, సంచీవారికి ఆ అవసరం ఉండదు. తెలుగు నేలకు దగ్గరి ధాన్యమైన జొన్నకు కూడా పొట్టు లేదు, పైగా దాని పిండి 68 నుంచి 78 డిగ్రీల మధ్య గానీ జిగురవదు, ఆ వేడిలో బీటా ఎమైలేజ్ బతకదు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో జొన్న మాల్టుతో డోలో కాచే స్త్రీలు ఈ ముడిని ఒకే రకం కుండలతో విప్పుకున్నారు: బెండ జిగురును కలిపి పిండి అడుగుకు పేరుకునేలా చేసి, ఎంజైములు నిండిన పైతేటను చల్లగా తీసి పక్కన పెట్టి, అడుగు పిండిని ఉడికించి, కాస్త చల్లారాక ఆ తేటను తిరిగి కలుపుతారు. గ్లూటెన్ పడనివారికోసం జొన్నతోనో రాగితోనో కెటిల్‌లో బీరు కాచదలచినవారు ఈ క్రమాన్ని సంచీతో కలిపి వాడుకోవచ్చు. మాష్ మొదటి అరగంటలో పైకి తేలిన తేటను నాలుగైదు లీటర్లు తీసి దాచి, మిగతాదాన్ని 80 డిగ్రీలకు పైగా ఉడికించి, 65కు దింపి, దాచిన తేటను పోసి మరో గంట నిలిపిన తరువాతే సంచీని ఎత్తాలి.